మెలనోపస్ అడిగిన ప్రశ్నలు

ద్రాక్ష కోతల నెల. అమావాస్య తర్వాత నాలుగో రోజు.

గురువుగారు ఇవాళ కొత్త పద్ధతిలో పాఠం చెప్పారు.

ఎప్పటిలాగే పొద్దున్నే ఆలివ్ తోపులో నడుస్తున్నాం. పదకొండు మందిమి. గురువుగారి ఇల్లాలు గోర్గో అమ్మగారు పళ్ళెంలో అంజూరాలు పంపించారు. ఆయన ఒక పండు తీసుకుని రెండుగా చీల్చి, లోపలి ఎర్రటి గింజల వంక చాలాసేపు చూసి, "ఇదేమిటి?" అన్నారు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

పంతొమ్మిదో పపైరస్ చుట్ట మొత్తం అంజూరం మీదే రాశారు. ఆయన చెబుతుంటే రాసింది నేనే. కాయలోకి దూరే దోమంత పురుగు, అది రాకపోతే కాయ పండకుండా రాలిపోవడం, అడవి అంజూరపు కొమ్మలు తెచ్చి తోట చెట్లకు వేలాడదీయడం, అన్నీ అందులో ఉన్నాయి. అదంతా గడగడా అప్పజెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నారు.

"అబ్బ! ఎవరు కనిపెట్టారయ్యా ఇదంతా?"

"మీరే గురువుగారూ."

"నేనా?" అన్నారు. పండు నోట్లో వేసుకున్నారు.

తోటి శిష్యుడు డెక్సిప్పస్ కళ్ళు మెరిశాయి. "చూశారా! తనకు తెలిసినదాన్ని కూడా తెలియనట్టు పక్కనపెట్టి మళ్ళీ మొదటినుంచి అడుగుతున్నారు. ఇంతకన్నా గొప్ప పాఠం ఉంటుందా?" అన్నాడు. వాడికి ముప్ఫై ఏళ్ళు. మాట ఎక్కడ పడేయాలో తెలుసు. నాకు నలభై నాలుగు. నాకంత తొందరగా మాట తోచదు.

కానీ వాడన్నది నిజమే అనిపించింది.

ఐదో రోజు.

ఇవాళ కూడా అంజూరం. అదే ప్రశ్న. పద్ధతి అన్నాక మళ్ళీ మళ్ళీ చేయడం కూడా ఉంటుంది.

తొమ్మిదో రోజు.

మధ్యాహ్నం గోర్గో అమ్మగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి గురువుగారు వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళకు మోకాళ్ళదాకా బురద. ఎదురుగా బిట్టో, నడుమున చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పుకయ్య ఒడ్డున చిప్పలు ఏరుకునే ముసలిది. మా దీవిలో ఆ నోటికి భయపడని మగవాడు లేడు.

"ఏటయ్యా సోసాండ్రా, మీ అయ్యోర్ని ఒంటరిగా ఒగ్గేసినారేటి? ఇల్లెటని నన్నడిగినాడు. ఇటని సూపిత్తే అటెళ్ళిపోతన్నాడు. సెయ్యట్టుకుని లాక్కొచ్చినాను" అంది.

"ఆయన దిక్కుల మీద ఏదో ఆలోచిస్తూ ఉండివుంటారు" అన్నాను. పన్నెండు గాలుల మీద ఆయన రాసిన చుట్ట కోసం ఏథెన్స్ నుంచి నకళ్ళు రాసేవాళ్ళు వస్తారు.

బిట్టో నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఆ మనిషి ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూశాను.

ఆమె వెళ్ళాక అమ్మగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచారు. గొంతు తగ్గించి, "పొద్దున నా పేరు అడిగారు నాయనా" అన్నారు.

"పేర్ల గురించి కొత్త గ్రంథమేమో అమ్మగారూ. పేరుకూ మనిషికీ ఉన్న సంబంధం..."

"నలభై ఏళ్ళు కాపురం చేశాను. గ్రంథం కోసం అడిగే చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది ఆ చూపు కాదు."

ఆడవాళ్ళు దిగులుతో చిన్నవాటిని పెద్దవి చేసుకుంటారు. ఆయనకు డెబ్బై ఒకటి. ఎండలో తిరిగారు. అంతే.

పౌర్ణమి.

కోస్ నుంచి ఒక వైద్యుడి ఉత్తరం. దక్షిణపు గాలి వీచే రోజుల్లో జ్వరాలు ఎందుకు ముదురుతాయని అడిగాడు. గురువుగారికి చదివి వినిపించాను. "మంచి ప్రశ్న" అన్నారు. ఎదురుచూశాను. "చాలా మంచి ప్రశ్న" అన్నారు. తర్వాత కాకుల్ని చూస్తూ ఉండిపోయారు.

జవాబు నేనే రాశాను. నలభై నాలుగో చుట్టలోంచి ఏరి, ఆయన ధోరణిలో. చివర ఆయన పేరు. ఆయన ఉంగరం ముద్ర. ఇలా చేయడం ఇదే మొదటిసారి.

మర్నాడు.

మొదటిసారి కాదు. వేసవిలో రెండు రాశాను. రోడ్స్‌కు ఒకటి, ఎఫెసస్‌కు ఒకటి. అప్పుడు ఆయనకు జలుబు.

పౌర్ణమి తర్వాత ఆరో రోజు.

మితిలీనీ నుంచి ఇంకో ఎనిమిది మంది విద్యార్థులు వచ్చారు. ఇప్పుడు పంతొమ్మిది మందిమి. డెక్సిప్పస్ గురువుగారి ప్రశ్నలన్నీ ఒక చుట్టలో ఎక్కిస్తున్నాడు. ఒక్కో ప్రశ్న కింద తన వ్యాఖ్యానం. 'మెలనోపస్ ప్రశ్నలు' అని పేరు పెట్టాడు. 'సముద్రం ఎవరిది?' 'నేను తిన్నానా?' 'ఈ కాలు ఎందుకు ముందుకు పడుతోంది?' 'మా అమ్మ ఎక్కడ?'

చివరిదాని కింద రెండు నిలువు వరసల వ్యాఖ్యానం ఉంది. ప్రకృతి అందరికీ మూలతల్లి అని, ఆమెను వెతకడమే తత్త్వమని. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అంత బాగా రాశాడు. మరుక్షణం ఇంకోలా జలదరించింది. ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. పైవస్త్రం కొస చేత్తో పట్టుకుని నలుపుతున్నారు.

తత్త్వం చెప్పేటప్పుడు కళ్ళు తడి కాకూడదని ఎక్కడుంది?

"నీకు అసూయ సోసాండ్రా" అన్నాడు డెక్సిప్పస్, నేను ముఖం చిట్లించడం చూసి. "నువ్వు ఆయన జవాబులకు గుమాస్తావి. జవాబులున్నంతకాలం నీ పని నడిచింది. ఇప్పుడాయన ప్రశ్నల దగ్గరికి వచ్చారు. అక్కడ నీకు పనిలేదు."

"నోరు అదుపులో పెట్టుకో."

"ఆయన తర్వాత పీఠం నీకే వస్తుందని ఇరవై నాలుగేళ్ళుగా కూర్చున్నావు. అవునా కాదా?"

నాకు పీఠం మీద ఆశ లేదు. ఇది ఇక్కడ రాసుకోవలసిన అవసరం కూడా లేదు.

విత్తనాల నెల. రెండో రోజు.

వాన. పాఠం లేదు.

మా నాన్న గుంతల్లో పచ్చి తోళ్ళు నానబెట్టి ఊనేవాడు. మా ఇంటి వైపు గాలి వీస్తే జనం ముక్కు మూసుకుని వీధి మారేవాళ్ళు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు గురువుగారు మా గుంతల దగ్గరికి వచ్చారు. దీవిలోకెల్లా పెద్ద పండితుడు. గ్రహణం ఏ రోజు పడుతుందో, వీణ తీగ సగానికి నొక్కితే స్వరం ఎందుకు రెట్టింపవుతుందో, రొట్టె పిండి ఎందుకు పొంగుతుందో, నలభై ఊళ్ళలో దొంగకు ఏ శిక్ష వేస్తారో తెలిసిన మనిషి. గుంత పక్కన గొంతుక్కూర్చుని, "ఓక్ బెరడే ఎందుకు? పైన్ బెరడు వేస్తే ఏమవుతుంది?" అని మా నాన్నను అడిగారు. నాన్న తడబడ్డాడు. మూడు రోజులు వచ్చారు. చేతులు మోచేతులదాకా ముంచి చూశారు. నాలుగో రోజు నన్ను తనతో పంపమన్నారు.

ఇది ఇవాళ ఎందుకు రాశానో తెలియదు. వాన వల్ల కావచ్చు.

విత్తనాల నెల. పదో రోజు.

నగర మండలి నుంచి లేఖ వచ్చింది.

ఉప్పుకయ్య మూతి లోతుగా తవ్వుతారట. ఇప్పుడు చేపల పడవలు తప్ప ఏవీ పట్టని ఆ సన్నని దారిలోంచి ఇక సరుకు ఓడలు లోపలికి వస్తాయి. వర్తకులు అడుగుతున్నారు. బెస్తవాళ్ళు వద్దంటున్నారు. తవ్వితే అడుగున బతికే ఎర్ర చిప్పలు పోతాయని వాళ్ళ గోడు. మండలి సభ్యులు ముగ్గురు పౌర్ణమినాటికి స్వయంగా వచ్చి ఒడ్డున విచారణ జరుపుతారు. 'ఈ కయ్యలోని ప్రతి ప్రాణినీ ఎరిగిన మెలనోపస్ ఏం చెబితే అదే మాకు ప్రమాణం' అని రాశారు.

గురువుగారికి చదివి వినిపించాను. "మెలనోపస్ ఎవరు?" అన్నారు.

పక్కనే ఉన్న డెక్సిప్పస్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. పలక తీసి రాసుకున్నాడు.

పదకొండో రోజు.

ముప్ఫై ఏడో చుట్ట తీశాను. నా దస్తూరీ. ఆయన మాట: 'ఒకసారి ఇనుప పళ్ళున్న వలలతో అడుగు గీకినప్పుడు ఎర్ర చిప్పలు నశించాయి. గీకడం ఆపాక మూడేళ్ళకు గాని తిరిగి రాలేదు. అడుగు కదిపితే ఈ ప్రాణి బతకదు.'

హమ్మయ్య అనుకున్నాను. ఇదే మండలికి చదివేస్తే సరిపోతుంది.

చుట్టను పెట్టెలో పెడుతుంటే అడుగున ఒక మైనపు పలక దొరికింది. ఆయన దస్తూరీ. ఈ వసంతంలో రాసింది. అక్షరాలు కిందికి జారుతూ ఉన్నాయి. 'మూతి తవ్వాలి. నీరు కదలాలి. కదలని నీరు చెడుతుంది. ముప్ఫై ఏడు తప్పు.'

ముప్ఫై ఏడు తప్పు.

పన్నెండో రోజు.

ఆయన మనసు మార్చుకోవడం కొత్త కాదు. తేనెటీగల పెద్దది మగది అని పదేళ్ళు చెప్పి, తర్వాత తెలియదని రాశారు. వెన్నెల మీద రాసిన చుట్టను స్వయంగా తగలబెట్టారు. కాబట్టి ఈ పలక ఆయన కొత్తగా కనుక్కున్న సంగతి కావచ్చు. ఈ వసంతంలో ఏదో చూసి ఉండవచ్చు.

ఈ వసంతంలోనే ఒక చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేత్తో పట్టుకుని పాఠానికి వచ్చారు.

ఏది ఎప్పుడు మొదలైంది? పలక రాసిన రోజు ఆయన ఏ ఒడ్డున ఉన్నారు? మతి ఉన్న ఒడ్డునా, అవతలా? చెప్పు రోజుకు ముందా తర్వాతా? పాత చుట్టలన్నీ పరిచి కూర్చున్నాను. కిందటేడు చేపల చెవుల గురించి చెబుతూ ఒకే వాక్యం మూడుసార్లు రాయించారు. నేను రెండు కొట్టేశాను. నొక్కి చెబుతున్నారనుకున్నాను.

పలక తప్పని చెప్పాలంటే ఆయన బుద్ధి పోయిందని చెప్పాలి. అలా చెబితే ప్రశ్నలన్నీ ఉత్తవే. విద్యార్థులు పోతారు. బడి పోతుంది. కోస్‌కు వెళ్ళిన జవాబు ఎవరిదని అడుగుతారు. చెప్పకపోతే ఎర్ర చిప్పలు పోతాయి. లేకపోతే పోవేమో. పలకే నిజమేమో.

పలకను డెక్సిప్పస్ చూడలేదు. చూడకూడదు.

పన్నెండో రోజే. సాయంత్రం.

చూశాడు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు. మండలిని అడిగిన వర్తకుల్లో ఒకడు వాడి పినతండ్రి అన్న సంగతి నాకు ఇవాళే తెలిసింది.

పదమూడో రోజు.

ఆయన్నే అడిగాను. అంతకన్నా దారి లేదు. పొద్దున బాగానే ఉన్నారు. నన్ను పేరు పెట్టి పిలిచారు. బార్లీ జావ తాగుతూ, అందులో పుదీనా వేస్తే వాసన ఎలా మారుతుందో చక్కగా చెప్పారు. ఆ ధైర్యంతో చుట్టనూ పలకనూ ముందు పెట్టాను.

"గురువుగారూ, ఇది మీరే రాయించారు. ఇదీ మీరే రాశారు. రెండూ నిజం కావు. ఏది ఉంచమంటారు?"

రెండూ చదివారు. పెదవులు కదిపి, వేలు పెట్టుకుని, నెమ్మదిగా. తర్వాత చుట్ట మీద చెయ్యి వేసి, "వీడు జాగ్రత్తగా చూశాడు" అన్నారు. పలక మీద చెయ్యి వేసి, "వీడికి భయంగా ఉంది" అన్నారు.

"ఎందుకు భయం?"

"నాకేం తెలుసు? వీడెవడో!" నవ్వారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఒరే సోసాండ్రా, గదుల్లో దీపాలు ఒక్కోటి ఆర్పేస్తున్నారురా ఎవరో. నేను ఈ గదిలోంచి ఆ గదిలోకి పరిగెడుతున్నాను. ఎవరితోనూ అనకు."

"అనను."

మాట ఇచ్చాను. మండలి వచ్చేది ఎల్లుండి.

కాసేపయ్యాక జావలో ఆ ఆకు ఏమిటని అడిగారు.

పద్నాలుగో రోజు.

బిట్టో దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున రాతి మీద కూర్చుని చిప్పలు పగలగొడుతోంది.

"మండలివాళ్ళ ముందు ఏటి సెప్తాడు మీ అయ్యోరు?"

"ఆలోచిస్తున్నారు."

"ఆలోసిత్తన్నాడా!" కత్తి పక్కన పెట్టింది. "ఇదిగో బాబూ, నాను గుంటదాన్నేటి నువ్వట్టా సెప్పడానికి? మా అత్త కూడా ఆకర్న ఇలాగే అయిపోయింది. నన్ను సూసి 'ఎవరే నువ్వు, నా కొడుకింట్లో ఏటి సేత్తన్నావ్?' అనేది. నాను 'పనిమనిసినమ్మా' అనేదాన్ని. ఊరుకునేది."

"గురువుగారిది అది కాదు. ఆయన పద్ధతి..."

"పద్దతా!" నవ్వింది. తర్వాత నవ్వలేదు. "సిప్పల సంగతి ఆయనకెవరు సెప్పినారనుకుంటన్నావు? పుస్తకంలో రాసుకున్నారే, గీకితే పోయినాయనీ, మూడేళ్ళకి గాని రాలేదనీ. నానే సెప్పినాను. ఈ రాయి మీదే కూకుని. 'నీకెలా తెలుసే బిట్టో' అన్నాడు. 'తిండి లేక మూడేళ్ళు మా పిల్లలు గడ్డల పులుసు తాగినారు, అలా తెలుసు' అన్నాను. ఆ మాట రాసినావా నువ్వు?"

రాయలేదు. ఆయన చెప్పలేదు. లేక చెబితే నేను శాస్త్రానికి అక్కర్లేదనుకుని వదిలేశానా? గుర్తులేదు. ఇప్పుడు నాకే గుర్తులేదు.

పౌర్ణమి.

రేపు రాస్తాను.

పౌర్ణమి తర్వాత రెండో రోజు.

రాసి తీరాలి.

మండలి పెద్దలు ముగ్గురూ పడవ దిగారు. సముద్రదేవుడు పోసైడాన్‌కు ద్రాక్షసారా ధారపోశారు. వర్తకులు ఒక పక్క, బెస్తవాళ్ళు ఒక పక్క. ఒడ్డు నిండా జనం. గురువుగారికి తెల్లటి పైవస్త్రం కప్పి, చేయి పట్టుకుని నేనే తీసుకొచ్చాను. అమ్మగారు ముసుగు వేసుకుని వెనకాల నిలబడ్డారు. నా చంకలో ముప్ఫై ఏడో చుట్ట ఉంది. నా పథకం ఒక్కటే: ఆయన పేరు చెప్పి అది చదివేయడం. ఆయన మాట్లాడనక్కర్లేదు. నేను ఇచ్చిన మాట చెడదు. చిప్పలు బతుకుతాయి.

అంత తేలిగ్గా అయిపోతుందని ఎలా అనుకున్నానో!

చదివాను. వెంటనే డెక్సిప్పస్ లేచి పలక చదివాడు. 'ముప్ఫై ఏడు తప్పు.' జనంలో గోల. మండలి పెద్ద చెయ్యి ఎత్తి, "మెలనోపస్, రెండూ నీవే అంటున్నారు. నువ్వే చెప్పు. మూతి తవ్వవచ్చా?" అన్నాడు.

గురువుగారు లేచారు. నీళ్ళ వంక చూశారు. జనం వంక చూశారు. వాళ్ళంతా ఎవరో, ఎందుకు వచ్చారో తెలియని చూపు. అయినా మర్యాద తప్పలేదు. ఇంటికొచ్చిన అతిథులను చూసి నవ్వినట్టు నవ్వారు.

"వీళ్ళందరికీ భోజనం ఏర్పాటు చేశారా?" అన్నారు.

అంతలో డెక్సిప్పస్ గొంతు, గంట మోగినట్టు: "విన్నారా! భోజనం! ఓడలు వస్తే వచ్చేది తిండే కదా. ఇంతమందికి తిండి ఏర్పాటు చేయమంటున్నారు. తవ్వమంటున్నారు!" విద్యార్థులు ఆహా అన్నారు. మండలి పెద్ద తల ఊపాడు. రాయసగాడు కలం ఎత్తాడు.

నేను లేచింది నాకు తెలియదు. నా గొంతు నాకే వినిపించింది.

"ఆయన భోజనం గురించే అడిగారు. అందులో ఇంకో అర్థం లేదు. ఆయనకు మీరెవరో తెలియదు. ఇది ఏ ఊరో తెలియదు. వేసవినుంచీ ఆయన పేరుతో జవాబులు రాస్తున్నది నేను. ఆ పలక రాసినప్పటికే ఆయనకు..." ఆ మాట నోట రాలేదు. "ఆయనకు బాగాలేదు."

గురువుగారు నా వంక తిరిగారు. చిన్నపిల్లాడిని అందరిముందూ కొట్టినట్టు ఆ ముఖం. "అనను అన్నావు" అన్నారు. అంత స్పష్టంగా అన్నారు. అది ఎలా గుర్తుంది ఆయనకు? అన్నీ పోయినవాడికి అదొక్కటే ఎలా మిగిలింది?

మండలి పెద్ద విసుక్కున్నాడు. "ఈయన మాట చెల్లదంటే ఆ పాత రాత మాత్రం ఎందుకు చెల్లాలి? అదీ నీ చేతిరాతే కదా?"

ఇరవై నాలుగేళ్ళలో ఎర్ర చిప్పను నేను పళ్ళెంలో తప్ప చూడలేదు. "నాకు తెలియదు. నేను రాసుకున్నాను, అంతే" అన్నాను. కొందరు నవ్వారు.

అప్పుడు బిట్టో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆడది మండలి ముందు మాట్లాడకూడదని రాయసగాడు అరిచాడు. "మాటాడ్డం లేదయ్యా, సూపిత్తన్నాను. కళ్ళు మగోళ్ళకే కదా ఉన్నాయి, సూడండి" అంది. పెద్దలను పడవ ఎక్కించమని కొడుకులతో చెప్పింది. కిందటేడు వర్తకులు రేవు కోసం అడుగునుంచి రాళ్ళు లాగిన చోటికి తీసుకెళ్ళి వల వేయించింది. ఖాళీ చిప్పలు, బురద. అక్కడినుంచి యాభై బారల దూరంలో, ఎవరూ ముట్టని చోట, ఇంకో వల. పడవ అడుగు ఎర్రగా నిండింది. ప్రాణమున్న చిప్పలు టపటపా తెరుచుకుంటూ మూసుకుంటూ. నేనూ ఆ పడవలోనే ఉన్నాను. వాటి అంచున వరసగా చిన్న చిన్న నీలపు కళ్ళు. ముప్ఫై ఏడో చుట్టలో ఆ కళ్ళున్నాయి. నేనే రాశాను. అవి ఇలా ఉంటాయని నాకు తెలియదు.

ఈ ఏడాది తవ్వకం లేదని, వచ్చే ఏడాది మళ్ళీ చూస్తామని మండలి చెప్పింది. గెలుపో కాదో తెలియదు. బెస్తవాళ్ళు మాత్రం కేకలు వేశారు.

తిరిగొచ్చేసరికి గురువుగారు ఒడ్డున లేరు. అమ్మగారు ఇంటికి తీసుకెళ్ళిపోయారు.

మూడో రోజు.

తలుపు తీయలేదు.

ఐదో రోజు.

అమ్మగారు తలుపు సగం తీశారు.

"నాకు చెప్పమన్నాను. నాతో ఒప్పుకోమన్నాను. ఊరంతటికీ చాటమన్నానా?"

"చిప్పలు పోయేవి అమ్మగారూ."

"తెలుసు. నువ్వు చేసింది తప్పని అనడం లేదు." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అయినా నీ ముఖం చూడలేకపోతున్నాను నాయనా. కొన్నాళ్ళు రాకు."

తప్పు కాదన్నారు. రావద్దన్నారు. రెండూ ఒకే నోటితో అన్నారు. రెండూ నిజమే.

పౌర్ణమి తర్వాత తొమ్మిదో రోజు.

డెక్సిప్పస్ మితిలీనీ వెళ్ళిపోయాడు. వాడి వెంట పదహారు మంది. 'మెలనోపస్ ప్రశ్నలు' చుట్ట కూడా. అక్కడ బడి పెడతాడట. ప్రశ్నల పుస్తకానికి ఇప్పటికే నకళ్ళు అడుగుతున్నారని విన్నాను. పోతూ పోతూ, "ఆయనకు గుర్తులేకపోతే ఏం? ప్రశ్నలు మంచివి" అన్నాడు. ప్రశ్నలు మంచివే.

తోపులో ఆలివ్ కాయలు రాలుతున్నాయి. ఏరేవాళ్ళు లేరు. కోస్ వైద్యుడికి, రోడ్స్‌కు, ఎఫెసస్‌కు మూడు ఉత్తరాలు రాశాను, నా పేరుతో. 'ముందు వచ్చిన జవాబు నాది' అని.

చలి నెల.

తేదీ చూడలేదు. అమ్మగారు కబురు పెట్టారు. "రోజంతా తలుపు దగ్గరే నిలబడి 'ఆ తోళ్ళవాడి కొడుకు రాలేదేం' అంటున్నారు. వచ్చి ఎక్కడికైనా తిప్పు" అని.

వెళ్ళాను. నన్ను చూసి సంతోషించారు. ఎవరని కాదు, ఊరికే. నేను చేసింది ఆయనకు గుర్తుందో లేదో అడిగే ధైర్యం లేకపోయింది. గుర్తులేకపోతే క్షమించినట్టా?

చలి నెల. పౌర్ణమి తర్వాత నాలుగో రోజు.

రోజూ వెళుతున్నాను. ఆయన అడుగుతారు. తెలిస్తే చెబుతున్నాను. తెలియకపోతే తెలియదంటున్నాను. తెలియనివే ఎక్కువ. ఇంతకాలం ఎలా తెలుసనుకున్నాను?

పిచ్చుకలు గూడు కట్టే నెల. మూడో రోజు.

ఎండ కాసింది. బిట్టో చిన్న కొడుకు పడవ ఇచ్చాడు. గురువుగారిని ఎక్కించుకుని ఉప్పుకయ్యలోకి తెడ్డు వేశాను. ఆయన అంచున కూర్చుని, చెయ్యి నీళ్ళలో ఆడిస్తున్నారు. కొండ నీడ పడే చోటికి వచ్చేసరికి ఒక్కసారిగా, "ఆపు" అన్నారు.

ఆపాను.

చెయ్యి ముంచారు. తీశారు. కాస్త అవతల ముంచారు. వేళ్ళు చీకారు. "ఇక్కడ చల్లగా ఉంది. ఇది ఉప్పు కాదు" అన్నారు.

కయ్య మధ్యలో ఉప్పు లేకపోవడమేమిటి? అరవై ఒక్క చుట్టల్లో ఎక్కడా అలా లేదు. ఈ కయ్య మీదే మూడు చుట్టలున్నాయి. అవి నాకు అక్షరం అక్షరం వచ్చు. పాపం, ఉప్పు రుచి కూడా పోయింది ఈయనకు అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తాగు" అన్నారు.

ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక దోసిలి పట్టి తాగాను.

తియ్యటి నీళ్ళు. రాతిలోంచి ఊరే ఊట నీళ్ళ చల్లదనం. కింద చూస్తే అడుగునుంచి ఇసుక గుండ్రంగా తిరుగుతూ, బుడగలు పైకి లేస్తున్నాయి.

ఒడ్డుకొచ్చి బిట్టోకు చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఆడ ఊట ఉంది కదా. దప్పికైతే మావోళ్ళు ఆడే ముంచుకుంటారు. ఆయన మమ్మల్ని అన్నీ అడిగినాడు గాని ఎక్కడ నీళ్ళు తాగుతారని అడగలేదు" అంది. "ఎవరు సూపినారేటి మీకు?"

"ఎవరూ చూపలేదు. ఆయనే పట్టుకున్నారు."

బిట్టో గురువుగారి వంక చూసింది. ఆయన తడి చేతిని ఎండకు పెట్టి, ఆరుతున్న వేళ్ళను ఒక్కొక్కటే పరీక్షగా చూసుకుంటున్నారు.

ఇంటికొచ్చి కొత్త పపైరస్ తీశాను. ఎవరూ చెబుతూ లేరు. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. కనుక్కున్నది ఆయన. కానీ కనుక్కున్నానని ఆయనకు తెలియదు. ఈపాటికి మరిచిపోయి ఉంటారు. బిట్టోవాళ్ళకు ముందే తెలుసు. తాగి చూసింది నేను. ఇందులో ఎవరికి తెలిసినట్టు?

ఇలా రాశాను, చివరికి:

'ఉప్పుకయ్యలో, కొండ నీడ పడే చోట, అడుగున మంచినీటి ఊట ఉంది. బెస్తవాళ్ళు ఎరుగుదురు. మెలనోపస్ చేతితో కనుగొన్నాడు. సోసాండ్రస్ నమ్మలేదు. తాగాడు.'